పైపు నీళ్ళలో మురుగు వాసన, ఇంట్లో నలుగురు పిల్లలకి విరేచనాలు (పెరంబూరు). ఏం చేయాలో చెప్పండి

పెరంబూరు_పోర్షన్
నవంబరు 16, రాత్రి 10.20

నమస్కారం అండీ. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే, రాయడం ఇదే మొదటిసారి. చెన్నై పెరంబూరులో ఐదు పోర్షన్ల ఇల్లు, మేము కింద వెనక పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. అందరికీ కలిపి ఒకటే సంపు. పైపు నీళ్ళు రోజు విడిచి రోజు తెల్లవారుజామున వస్తాయి. గేటు పక్కన వీధి లైనుకే తగిలించిన చేతి పంపు ఉంది, తాగే నీళ్ళు దాంట్లోనే కొట్టుకుంటాం. మిగిలినవి సంపులోకి పోతాయి, అక్కడి నుంచి మోటారుతో పై ట్యాంకుకి.

వానలు పట్టుకున్న దగ్గర్నుంచి ఎవరో ఒకరికి కడుపు బాగుండటం లేదు. రెండు వారాల్లో నలుగురు పిల్లలకి విరేచనాలు. మా బాబుకి నాలుగేళ్ళు. బుధవారం మధ్యాహ్నానికి కళ్ళు లోపలికి పోయి, పిలిస్తే పలకకుండా ఒళ్ళో వాలిపోయాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇంటికి తెచ్చుకున్నాం, ఇవాళ ఇడ్లీ తిన్నాడు. కానీ ఆ మధ్యాహ్నం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

పంపు కొట్టగానే మొదటి రెండు మూడు బిందెలు మురుగు వాసన. తర్వాత తగ్గుతుంది. ఇంటాయనకి చెబితే "వానాకాలం అంతే, కాచుకుని తాగండి" అన్నారు. కాచుకునే తాగుతున్నాం. అయినా ఇలా అయింది. ఆర్వో కొనాలంటే అప్పు చేయాలి. చేస్తాను, కానీ దాంతో పోతుందా? నీళ్ళు ఎక్కడ పరీక్ష చేయిస్తారు?

అన్నానగర్_3బి
నవంబరు 16, రాత్రి 10.48

బాబు కోలుకున్నందుకు సంతోషం అమ్మా. ఆలోచించకుండా ఆర్వో పెట్టించేయండి. మా బోరు నీళ్ళ టీడీఎస్ 1400 ఉండేది, ఇప్పుడు 60. ఎనిమిదేళ్ళుగా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు.

ల్యాబు_రిటైర్డ్
నవంబరు 16, రాత్రి 11.35

అమ్మా, డబ్బు ఖర్చు పెట్టకముందు కొంచెం ఆగండి. నేను నీళ్ళ పరీక్షల్లోనే ముప్పై ఏళ్ళు పనిచేశాను.

అన్నానగర్ వారు చెప్పింది వాళ్ళ ఇంటికి సరైనదే. వాళ్ళది ఉప్పు సమస్య. టీడీఎస్ అంటే నీళ్ళలో కరిగిన ఉప్పులూ ఖనిజాలూ. మురుగు కలిసిందో లేదో ఆ మీటరు చెప్పదు. టీడీఎస్ 150 ఉన్న నీళ్ళలోనూ టైఫాయిడ్ సూక్ష్మజీవి హాయిగా బతుకుతుంది. పైగా ఆర్వో ఒక్క గ్లాసు నీళ్ళనే శుద్ధి చేస్తుంది. పళ్ళు తోముకునేవి, ప్లేట్లు కడిగేవి, కొత్తిమీర కడిగేవి, పిల్లలు స్నానం చేస్తూ మింగేవి అన్నీ ట్యాంకు నీళ్ళే. మీరు కాచి తాగుతున్నా జబ్బు ఎలా వచ్చిందంటే దారి ఇదే అయి ఉండాలి.

మీరు రాసినదాంట్లో నాకు పట్టుకున్న మాట "మొదటి రెండు మూడు బిందెలు". వీధి పైపులో రోజంతా నీళ్ళు ఉండవు. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు పైపుకి ఎక్కడైనా చిన్న పగులున్నా, వదులైన కీలున్నా, చుట్టూ మట్టిలో నిలిచిన నీటిని అది లోపలికి పీల్చుకుంటుంది. ఆ మట్టిలో ఉన్నది మురుగైతే మురుగే వస్తుంది. మళ్ళీ సరఫరా మొదలవగానే ఆ పీల్చుకున్నదంతా ముందు బయటికి తోసుకొస్తుంది. అదే మీ మొదటి మూడు బిందెలు. వీధి అంతటా చెడితే గంటసేపైనా వాసన ఉంటుంది. మూడు బిందెలతో పోతోందంటే పగులు మీ ఇంటికి దగ్గర్లోనే ఉందని నా అనుమానం.

నాలుగు సంగతులు చూసి చెప్పండి. పక్కింటి పంపులో వాసన ఉందా? మీ సంపుకీ డ్రైనేజి ఛాంబరుకీ మధ్య ఎన్ని అడుగులు? సంపు మూత నేలకి సమానంగా ఉందా, ఎత్తులో ఉందా? లైను మీద ఎవరైనా నేరుగా మోటారు పెట్టారా? మోటారుతో లాగితే ఆ పీల్పు ఇంకా ఎక్కువవుతుంది.

రేపటి పని: క్లోరిన్ చూసే చుక్కల మందు కిట్టు కొనండి, ఈత కొలనుల సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. పంపులో మొదటి బిందె, పదో బిందె, సంపు, వంటింటి కొళాయి, నాలుగు చోట్లా చూడండి. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఎక్కడ క్లోరిన్ మాయమైందో అక్కడే దాన్ని ఏదో తినేసిందన్నమాట.

రాయపురం_నర్సు
నవంబరు 17, ఉదయం 6.10

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నీళ్ళ సంగతి పెద్దాయన చూసుకుంటారు, నేను పిల్లల సంగతి చెబుతాను.

అక్కా, ఇంట్లో ఇంకో బిడ్డకి విరేచనాలు మొదలైతే మొదటి గంట నుంచే ఓఆర్‌ఎస్ పట్టండి. ఒక పెద్ద ప్యాకెట్ సరిగ్గా ఒక లీటరు నీళ్ళలో, అదీ కాచి చల్లార్చిన నీళ్ళలో. సగం ప్యాకెట్ సగం గ్లాసులో అని అందాజుగా కలపకండి, చిక్కబడితే ఇంకా నష్టం. ప్యాకెట్ చేతిలో లేకపోతే లీటరు నీళ్ళకి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచినవి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి చెంచాతో కొంచెం కొంచెంగా. కలిపినది 24 గంటలు దాటితే పారేయండి. పండ్ల రసం డబ్బాలు, కూల్‌డ్రింకులు, రంగు రంగుల "ఎనర్జీ" నీళ్ళు ఓఆర్‌ఎస్ కావు. దుకాణంలో అడిగితే అవే చేతికిస్తారు, ప్యాకెట్ మీద చదివి తీసుకోండి.

దాంతోపాటు జింకు. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్ళకి 10, విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి. తల్లిపాలు ఆపకూడదు, అన్నం ఆపకూడదు. "కడుపు ఎండబెట్టండి" అని మన పెద్దవాళ్ళు ప్రేమతోనే అంటారు, వినకండి.

కళ్ళు గుంటలు పడటం, మత్తుగా పడి ఉండటం, చర్మం చిటికెతో పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి పోవడం, ఆరు గంటలుగా ఒంటేలు లేకపోవడం, మలంలో రక్తం, వీటిలో ఏది కనబడినా ఇంట్లో ఉంచవద్దు. 108.

1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఈ ఉప్పు-చక్కెర నీళ్ళనే డ్రమ్ముల్లో కలిపి బంధువుల చేత తాగించారు. నూటికి ముప్పై దాకా పోతున్న ప్రాణాలు నాలుగు లోపుకి తగ్గాయి. పిల్లల వార్డులో కొత్త తల్లులకి నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను, అప్పుడు గానీ ఆ ప్యాకెట్ మీద నమ్మకం కలగదు.

ఇంకొకటి, చాలా ముఖ్యం. ఐదు పోర్షన్లలో గర్భిణులు ఎవరైనా ఉన్నారా?

పెరంబూరు_పోర్షన్
నవంబరు 17, మధ్యాహ్నం 1.05

ఉన్నారు అక్కా. ముందు పోర్షన్ వాళ్ళ అమ్మాయి పురిటికి గూడూరు నుంచి వచ్చింది. ఏడో నెల. ఎందుకు అడిగారు? భయంగా ఉంది.

రాయపురం_నర్సు
నవంబరు 17, మధ్యాహ్నం 1.30

భయపడవద్దు, కానీ ఇవాళే చెప్పండి. మురుగు కలిసిన నీళ్ళతో వచ్చే కామెర్లలో రెండు రకాలున్నాయి, హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ. హెపటైటిస్ ఈ మామూలు మనిషికి నెలలో తగ్గిపోతుంది. ఏడో నెల దాటిన గర్భిణికి సోకితే మాత్రం నూటికి ఇరవై, ఇరవై అయిదు మందికి ప్రాణాపాయం. ఆ అమ్మాయి నోట్లోకి పోయే ప్రతి చుక్కా, పళ్ళు తోముకునే నీళ్ళతో సహా, సలసలా కాగినవే కావాలి. వీలైతే ఈ సమస్య తేలేదాకా వేరే చుట్టాల ఇంట్లో ఉంచమనండి. కళ్ళు పచ్చబడినా, ఒంటేలు ముదురు రంగులో పోయినా, అన్నం చూస్తే వికారంగా ఉన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి.

నెల్లూరు_నీళ్ళు
నవంబరు 17, సాయంత్రం 4.15

మాది కండలేరు పక్కన ఊరు. పెరంబూరు అక్క రాసింది చదివితే మనసు పాడైంది. ఈ ఊరి నీళ్ళలో కొంత మా ఇంటి ముందు నుంచి వచ్చేదే. 1983లో తెలుగు గంగ ఒప్పందం అయింది, 1996లో కృష్ణ నీళ్ళు చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరాయి. శ్రీశైలం దగ్గర పోతిరెడ్డిపాడులో బయల్దేరి వెలుగోడు, సోమశిల, కండలేరు దాటి, అక్కడి నుంచి 152 కిలోమీటర్ల కాలువలో ఊతుకోట దగ్గర తమిళనాడు సరిహద్దుకి వస్తాయి. కాలువ కోసం భూములిచ్చిన వాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. అంత దూరం నడిచొచ్చి, ఇక్కడ శుద్ధి అయ్యి, ఇంటి గేటు ముందు ఇరవై అడుగుల్లో మురుగు కలుస్తోందంటే ఎట్టా తట్టుకోవాలి?

వేళచ్చేరి_2డి
నవంబరు 17, రాత్రి 8.50

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను అప్పుడు మా అపార్టుమెంటు సంపు మునిగిపోయింది. మూత నేలకి సమానంగా ఉండేది. నీళ్ళు తగ్గాక పైకి తేటగా కనబడ్డాయి, అందుకని కొందరు మోటారు వేసేశారు. ఆ ఒక్క పొరపాటుతో సంపులో ఉన్నది పై ట్యాంకుల్లోకీ, ప్రతి ఫ్లాటు పైపుల్లోకీ పాకింది. మొత్తం కడిగించుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు మూత చుట్టూ అడుగున్నర ఎత్తు గోడ కట్టించాం. చెన్నైలో నేల మట్టానికి సంపు మూత పెట్టడం ఇకనైనా మానాలి అని ఇళ్ళు కట్టేవాళ్ళందరికీ చెబుతున్నాను.

అమ్మా, వాన నీళ్ళు సంపులోకి పోయాయన్న అనుమానం ఉన్నా మోటారు వేయనివ్వకండి.

తరమణి_హాస్టల్
నవంబరు 17, రాత్రి 9.30

20 లీటర్ల క్యాన్లు వేయించుకుంటే ఈ గొడవ ఉండదు కదా అన్నా?

ల్యాబు_రిటైర్డ్
నవంబరు 17, రాత్రి 9.55

తాగడానికి కొన్నాళ్ళు పనికొస్తుంది బాబూ. మూత సీలు, తయారీ తేదీ చూసి తీసుకోండి, ఎండలో పెట్టిన క్యాను వద్దు. కానీ అసలు మరిచిపోయేది క్యాను కింద పెట్టే కొళాయి డబ్బా. దాన్ని నెలల తరబడి ఎవరూ కడగరు, లోపల జారుడు పొర పేరుకుంటుంది. క్యాను మార్చినప్పుడల్లా కడగాలి.

పెరంబూరు_పోర్షన్
నవంబరు 19, ఉదయం 9.40

పెద్దాయనా, ఇవాళ తెల్లవారి నీళ్ళు వచ్చినప్పుడు చూశాను. మావారు టార్చి పట్టుకున్నారు. మొదటి బిందెలో చుక్కలు వేస్తే ఏ రంగూ రాలేదు. పదో బిందెలో లేత పసుపు వచ్చింది, కిట్టు అట్ట మీద 0.3కి దగ్గరగా ఉంది. సంపులో ఏమీ లేదు. వంటింట్లో ఏమీ లేదు. పక్కింటి పంపులో మొదటి బిందె నుంచే పసుపు వచ్చింది!

సంపుకీ డ్రైనేజి ఛాంబరుకీ మధ్య నాలుగడుగులు. మూత నేలకి జానెడు ఎత్తు. లైను మీద మోటారు లేదు.

ఇంకో సంగతి. పై పోర్షన్‌లో పెద్దాయనకి నిన్నటి నుంచి కళ్ళు పచ్చగా ఉన్నాయి, కామెర్లు అన్నారు. గూడూరు అమ్మాయిని నిన్నే తంబరంలో పిన్నిగారింటికి పంపారు. రక్తపరీక్ష చేయిస్తే బాగానే ఉంది.

ల్యాబు_రిటైర్డ్
నవంబరు 19, ఉదయం 11.20

మీరు చేసిన పని నా దగ్గర పనిచేసిన కుర్రాళ్ళలో చాలామంది కన్నా శుభ్రంగా చేశారు. వీధి నీళ్ళు మంచివే, క్లోరినుతోనే వస్తున్నాయి. పక్కింటిదాకా బాగున్నాయి. చెడుతున్నది వీధి లైనుకీ మీ గేటుకీ మధ్య. సంపు సంగతి వేరుగా చూద్దాం.

ఆ కామెర్ల కబురు నన్ను వేరే వైపు ఆలోచింపజేస్తోంది. అమ్మా నర్సుగారూ, ఎన్నాళ్ళకి బయటపడుతుందో మీరు చెప్పండి.

రాయపురం_నర్సు
నవంబరు 19, మధ్యాహ్నం 2.15

కలరా అయితే గంటల నుంచి అయిదు రోజుల్లోపు. టైఫాయిడ్‌కి వారం నుంచి మూడు వారాలు. హెపటైటిస్ ఏ దాదాపు నాలుగు వారాలు, హెపటైటిస్ ఈ అయిదారు వారాలు కూడా తీసుకోవచ్చు. అంటే పై పోర్షన్ పెద్దాయనకి ఇవాళ కామెర్లు తేలాయంటే ఆయన తాగిన చెడ్డ నీళ్ళు అక్టోబరువి. ఈ వానలకి ముందువి.

పెరంబూరు_పోర్షన్
నవంబరు 19, మధ్యాహ్నం 2.40

అక్కా! అక్టోబరు మొదటి వారంలో మా వీధిలో వాన నీటి కాలువకి తవ్వారు. మా గేటు ముందు జేసీబీతో తవ్వి పది రోజులు వదిలేశారు. తర్వాత పూడ్చి సిమెంటు వేశారు. వాసన ఎప్పుడు మొదలైందా అని ఇప్పుడు అందరం కూర్చుని లెక్కేస్తే అది పూడ్చిన తర్వాతే. మేమందరం వానల మీదే వేశాం.

అంబత్తూరు_ప్లంబర్
నవంబరు 19, రాత్రి 7.30

అక్కా, నేను చిత్తూరోణ్ణి, ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఇదే పని. నువ్వు చెప్పిన దాన్ని బట్టి సంగతి దొరికినట్టే. వీధి లైను నుంచి ఇంటికి వచ్చే సన్న పైపుని జీఐతో, అంటే జింకు పూత ఇనుముతో వేసుంటారు పాత ఇళ్ళకి. పాతికేళ్ళు పోతే తుప్పు పట్టి గోరు పెడితే పొడి రాలుతుంది. దాని పక్కనే ఇంటి మురుగు పైపు, మట్టి గొట్టం, వీధి మ్యాన్‌హోలుకి పోతుంటుంది. రెండూ ఒకే గాడిలో, ఒక్కోసారి మురుగుదే పైన. జేసీబీ పన్ను తగిలితే మట్టి గొట్టం పగులుతుంది, జీఐ కీలు కదులుతుంది. పైకేమీ కనబడదు. పూడ్చేస్తారు. అంతే.

నువ్వు గేటు ముందు తవ్విన చోటే తవ్వించు. మూడడుగుల లోపే ఉంటుంది. మురుగు పైపు ముందు బాగు చేయించు, నీళ్ళ పైపు తర్వాత. తిరగేసి చేస్తే కొత్త పైపు కూడా మురికిలోనే పడుకుంటుంది. కొత్త పైపు మురుగు పైపుకన్నా పైన పోవాలి, దగ్గరగా ఉంటే దాని మీద ఇంకో పెద్ద గొట్టం తొడిగించు. వీధి లైను దగ్గర ఫెర్రూలు, అంటే నీ పైపు వీధి లైనుకి తగిలే కీలు మాత్రం నువ్వు ముట్టుకోవద్దు, అది మెట్రో వాటర్ వాళ్ళే చెయ్యాలి. 1916కి ఫోన్ చేసి "తాగే నీళ్ళలో మురుగు కలుస్తోంది" అని ఆ మాటే చెప్పు. "నీళ్ళు బాగాలేవు" అంటే వేరే వరసలో రాస్తారు. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకో.

పులియాంతోపు_అమ్మాయి
నవంబరు 20, రాత్రి 12.10

అక్కా, మీ వీధి మ్యాన్‌హోలు ఎప్పుడైనా నిండి పొంగిందా? ఛాంబరు మూత తీసి చూడండి. లోపల నీరు కదలకుండా నిలబడి ఉంటే కింద ఎక్కడో అడ్డం పడిందని అర్థం. అలా నిలబడ్డ మురుగే కీళ్ళలోంచి మట్టిలోకి దిగి మీ పైపు చుట్టూ చేరుతుంది. పైపు ఒక్కటే మారిస్తే సరిపోదు.

ఇది నాకెలా తెలుసంటే మా నాన్న ముప్పై ఏళ్ళు మురుగు లైన్ల పని చేశాడు. మా తాతలు నెల్లూరు వైపు నుంచి వచ్చి ఈ ఊరు ఊడ్చారు. మద్రాసు వీధుల్ని తరతరాలుగా శుభ్రం చేసినవాళ్ళలో తెలుగు మాట్లాడే మావాళ్ళు చాలామంది, ఈ సంగతి మన తెలుగువాళ్ళకే ఎక్కువమందికి తెలియదు. నాన్న లోపలి నుంచి ఏం తీసేవాడో ఇంటికొచ్చి చెప్పేవాడు. గుడ్డలు, శానిటరీ ప్యాడ్లు, సిమెంటు ముద్దలు, హోటళ్ళు పోసే నూనె గడ్డకట్టి రాయి లాగా. ఆ రాయి దగ్గర మురుగు ఆగుతుంది, ఆగినది మీ నీళ్ళలోకి వస్తుంది.

ఒక్క మాట ఇక్కడ అందరినీ బతిమాలుతున్నాను. ఛాంబరు అడ్డం పడితే ఐదొందలు చేతిలో పెట్టి ఎవరినీ లోపలికి దిగమనకండి. 2013 చట్టం ప్రకారం అది నేరం. లోపలి గాలి రెండు గుక్కలు పీలిస్తే మనిషి పైకి రాడు. పోయినవాళ్ళ కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ మా బాబాయి చనిపోయినప్పుడు అది లేదు, ఉన్నా ఆయన రాడు. నీళ్ళని ఒత్తిడితో కొట్టి అడ్డం తీసే జెట్ రాడింగ్ లారీ పిలిపించండి. అదే 1916.

నెల్లూరు_నీళ్ళు
నవంబరు 20, ఉదయం 7.45

చెల్లీ, మీరు రాసింది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా అపార్టుమెంటు గ్రూపులో కూడా పెడతాను, మీకు అభ్యంతరం లేకపోతే.

పులియాంతోపు_అమ్మాయి
నవంబరు 20, ఉదయం 8.20

పెట్టండి అన్నా.

ల్యాబు_రిటైర్డ్
నవంబరు 20, ఉదయం 10.30

ఆ అమ్మాయి చెప్పిన గాలి సంగతి సంపుకి కూడా వర్తిస్తుంది. నెలల తరబడి మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు తక్కువగా ఉండొచ్చు. మూత తీసి గంటల తరబడి వదిలి, ఫ్యాను పెట్టి, పైన ఇద్దరు నిలబడి, నడుముకి తాడు కట్టుకుని దిగాలి. దిగకుండా పొడవాటి బ్రష్షుతో పైనుంచే రుద్దగలిగితే ఇంకా మంచిది. లోపల డీజిలు పంపు నడపకూడదు.

పైపు బాగయ్యాక సంపు ఇలా చేయండి. ఖాళీ చేసి గోడలూ అడుగూ రుద్ది కడగండి. చీలికలుంటే ఛాంబరు వైపు గోడలోనే ఉంటాయి, అక్కడ తడి ఊట కనబడుతుంది. పూయించండి. తర్వాత నింపి, వెయ్యి లీటర్లకి 150 గ్రాముల బ్లీచింగ్ పౌడరు. పౌడరు నేరుగా చల్లకుండా బకెట్టులో పేస్టు చేసి, నీళ్ళు పోసి కలిపి, అడుగు సున్నం తేరాక పై తేట మాత్రం పోయండి. ఆ నీళ్ళని పై ట్యాంకుకెక్కించి, అన్ని పోర్షన్ల కొళాయిలూ ఘాటు వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. ఒక రాత్రంతా ఉంచి మొత్తం వదిలేయండి. ఆ రాత్రి ఆ నీళ్ళు ఎవరూ ఏ పనికీ వాడకూడదు, ఐదు తలుపులకీ కాగితం అంటించండి. బాత్రూము కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఆ తర్వాత మామూలు రోజుల్లో, సంపు నిండినప్పుడు వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు చాలు. మీ సంపు కొలతలు?

పెరంబూరు_పోర్షన్
నవంబరు 20, సాయంత్రం 6.00

పొడవు ఎనిమిది, వెడల్పు ఐదు, లోతు ఐదు అడుగులు.

ల్యాబు_రిటైర్డ్
నవంబరు 20, సాయంత్రం 6.25

200 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు, అంటే సుమారు 5,660. కడిగిన రోజుకి 850 గ్రాములు, మామూలు రోజుకి 14 గ్రాములు. పోసిన గంటకి చుక్కలు వేసి చూడండి, 0.2కీ 0.5కీ మధ్య ఉండాలి. లేకపోతే కొంచెం పెంచండి. పౌడరు కొత్తదిగా ఉన్నప్పుడే దాంట్లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది, మూత తీసి నెల రోజులు పెడితే సున్నమే మిగులుతుంది. చిన్న ప్యాకెట్లు కొని గట్టి మూత డబ్బాలో చీకట్లో దాచండి.

మైలాపూరు_పాతఇల్లు
నవంబరు 20, రాత్రి 9.10

మా బామ్మ రాత్రి రాగి బిందెలో నీళ్ళు పోసి పొద్దున తాగమనేది. ఈ క్లోరిన్ రసాయనాలు రోజూ పిల్లల కడుపులోకి పోవడం మంచిదేనా? మనసు ఒప్పుకోవడం లేదు.

ల్యాబు_రిటైర్డ్
నవంబరు 20, రాత్రి 9.50

బామ్మగారి మాటలో నిజం ఉంది. రాత్రంతా రాగిలో ఉంచితే చాలా సూక్ష్మజీవులు చస్తాయని ప్రయోగశాలల్లో కూడా తేలింది. కానీ ఆ బిందె ఐదు పోర్షన్ల కొళాయిలకి కాపలా కాయలేదు. క్లోరినుకున్న గుణం అది నీళ్ళతోపాటు ప్రయాణించి దారి పొడవునా కాపాడటం. 0.2 అంటే పది లక్షల వంతుల్లో ఒక వంతులో అయిదో భాగం. వాసన నచ్చకపోతే పట్టిన నీళ్ళని మూత తీసి కాసేపు ఉంచితే తగ్గుతుంది. క్లోరినుకి లొంగని పరాన్నజీవులు కొన్ని ఉన్నాయి, కాచితే అవీ చస్తాయి. పసిపిల్లలకీ గర్భిణులకీ ఒక నిమిషం తెర్లనిచ్చి దించిన నీళ్ళే ఇవ్వండి.

నాకు 1992 గుర్తుంది. ఓ139 అనే కొత్త రకం కలరా మొదట తేలింది ఈ మద్రాసులోనే. అంతకుముందు కలరా వచ్చి తగ్గిన పెద్దవాళ్ళ ఒంట్లోని నిరోధం కూడా దాని ముందు పనిచేయలేదు. సూక్ష్మజీవి వేషం మార్చింది, ఇంట్లో మందు మారలేదు. మురుగుని నీళ్ళకి దూరంగా ఉంచడం, క్లోరిన్ నిలబెట్టడం, ఇవే అప్పుడూ చేశాం.

పెరంబూరు_పోర్షన్
నవంబరు 27, రాత్రి 10.15

అందరికీ. ఇన్ని రోజులు రాయలేకపోయాను, పని జరుగుతోంది.

20నే 1916కి ఫోన్ చేశాను, ప్లంబర్ తమ్ముడు చెప్పిన మాటలే చెప్పాను. 22న వచ్చారు. ముందు జెట్ రాడింగ్ లారీతో వీధి మురుగు లైను తెరిచారు. ఛాంబరులో నిలబడ్డ నీరు పది నిమిషాల్లో దిగిపోయింది, ఎవరూ లోపలికి దిగలేదు. 23న గేటు ముందు తవ్వారు. రెండున్నర అడుగుల్లో దొరికింది. మట్టి గొట్టం నిలువునా పగిలి ఉంది, దాని కింద మా నీళ్ళ పైపు, కీలు దగ్గర వేలు దూరేంత సందు. చుట్టూ మట్టి నల్లగా. మా అందరం చుట్టూ నిలబడి చూశాం. ఎవరూ మాట్లాడలేదు. మా బాబు ఈ నీళ్ళతో పళ్ళు తోముకున్నాడు.

ఇంటాయన కూడా వచ్చి చూశారు. కోప్పడదామనుకున్నాను, కానీ ఆయన మొహం చూస్తే మాట రాలేదు. పైపు ఖర్చు మొత్తం ఆయనే పెట్టారు, సంపు పూత ఖర్చు ఐదు పోర్షన్లు పంచుకున్నాం. సంపులో ఛాంబరు వైపు గోడకి ల్యాబు పెద్దాయన చెప్పినట్టే ఊట ఉంది. మూత ఎత్తు కూడా పెంచారు. నిన్న బ్లీచింగ్ పోసి కడిగాం. ఇవాళ కొత్త నీళ్ళు. సంపులో 0.4, వంటింట్లో 0.2.

పై పోర్షన్ పెద్దాయన కోలుకుంటున్నారు. పిల్లలకి కొత్తగా ఎవరికీ రాలేదు.

రాయపురం_నర్సు
నవంబరు 28, ఉదయం 7.00

చాలా సంతోషం అక్కా. కానీ ఇంకో అయిదారు వారాలు కళ్ళు చూస్తూ ఉండండి అందరివీ. మురుగు నీళ్ళు నవంబరు మూడో వారం దాకా తాగారు కాబట్టి కామెర్లు జనవరి మొదటి వారం దాకా బయటపడొచ్చు. కొత్త పైపు పాడైందని అప్పుడు కంగారుపడకండి. కామెర్లు వచ్చిన పెద్దాయన వాడే బాత్రూము వేరుగా ఉంచితే మంచిది, అక్కడ బ్లీచింగ్ చల్లండి, అందరూ సబ్బుతో చేతులు. బాబుకి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేయించారా? ఆరు నెలల వయసు నుంచే వేయొచ్చు. లేకపోతే డాక్టరుని అడగండి.

ల్యాబు_రిటైర్డ్
నవంబరు 28, ఉదయం 9.15

ఇక నెలకొకసారి హెచ్2ఎస్ సీసా పరీక్ష చేయండి. 1982లో మన శాస్త్రవేత్తలే కనిపెట్టిన పద్ధతి, పల్లెల్లో ఎంతో వాడారు. సీసాలో గీత దాకా నీళ్ళు పోసి మూత బిగించి ఇంట్లోనే ఒక మూల ఉంచాలి. 48 గంటల్లోపు నల్లబడితే మలం కలిసిందన్న గట్టి అనుమానం. బోరు నీళ్ళలో గంధకం వల్ల కూడా నల్లబడొచ్చు, మీవి పైపు నీళ్ళు కాబట్టి ఆ చిక్కు లేదు. నల్లబడకపోయినా వైరస్ లేదని అది చెప్పలేదు, అందుకే క్లోరిన్ చుక్కలు మానకండి.

పూర్తి పరీక్ష కావాలంటే గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ముందు అడిగి వెళ్ళండి. సీసా మీరు తీసుకెళ్ళకూడదు, శుద్ధి చేసిన సీసా వాళ్ళ దగ్గరే తీసుకోవాలి. దాంట్లో క్లోరినుని విరిచే మందు వేసి ఉంటుంది, అందుకని కడగకండి. కొళాయి మూతిని మంటతో కాల్చి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలి పట్టి, ఐసులో పెట్టి ఆ రోజే అందించాలి.

పెరంబూరు_పోర్షన్
డిసెంబరు 1, రాత్రి 9.05

సీసాలు రెండు తెచ్చాను, ఒకటి మాకు, ఒకటి ఎదురింటి వాళ్ళకి. కాలువ వాళ్ళ గేటు ముందు కూడా తవ్వారు, వాళ్ళింట్లోనూ పాప ఉంది. శుక్రవారం పొద్దున పోశాం. మాది 48 గంటలు దాటినా రంగు మారలేదు.

ఎదురింటిది శనివారం సాయంత్రానికే నల్లబడింది. ఆవిడకి తెలుగు రాదు, మీరందరూ చెప్పింది నేను తమిళంలో కాగితం మీద రాసిస్తున్నాను. ఇవాళ 1916కి ఆవిడ చేతే ఫోన్ చేయించాను. ప్లంబర్ తమ్ముడూ, వాళ్ళ గేటు ముందు రెండు పైపులు అడ్డంగా పోతున్నాయి, ఫోటో పెడుతున్నాను, వాళ్ళ నీళ్ళ పైపు అందులో ఏదో చెప్పగలరా?

అంబత్తూరు_ప్లంబర్
డిసెంబరు 1, రాత్రి 9.40

ఎడం వైపుది అక్కా. రేపు పొద్దున అటే పని ఉంది, ఏడు గంటలకి వచ్చి చూస్తా.